మా అత్త వానను ఆగమన్నది

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. మా ఇంట్లో ఆ ఉలిపికట్టె మా అత్త. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఔనన్నదానికి ఆమె కాదనేది. అందరూ కలిసి కాదన్నాక తీరిగ్గా ఔననేది. అదంతా నేను నవ్వుకుంటూ భరించేదాన్ని. కానీ వానలు వరుసగా ఎగ్గొట్టి, పశువులు ఎండుటాకులు నమిలే రోజుల్లో ఆమె వానను ఆగమన్నప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. రైతు ఇంట పుట్టి రైతు ఇంట మెట్టిన మనిషి! వానను ఆగమనే రైతు మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆమె పొయ్యి మీదే వండుకు తిన్నాను.

మా ఊరు హత్నూర దిక్కు. ఇప్పుడంటే మా ఊరి రోడ్డు మీద తారు, తారు మీద లారీలు. అప్పుడు ఊరికి రోడ్డే లేదు. పెద్ద రోడ్డు నుంచి ఊళ్ళోకి బండ్ల బాట, మధ్యలో వాగు. పగలు నడవడానికే ఉసూరుమనేది, చీకటి పడితే పాముల భయం. మాకున్నది వానకు పండే కొంచెం చెల్క, ఒక బావి. బావి అడుగున తడి కూడా ఆరిపోయాక మా ఆయన పటాన్‌చెరులో కంపెనీ పనికి చేరాడు. షిఫ్టుల ఉద్యోగం. కంపెనీ బస్సు పెద్ద రోడ్డు మీద దింపేది గానీ, రెండో షిఫ్టు దిగి ఆ చీకట్లో వాగు దాటి ఇంటికి రావడం అయ్యే పని కాదు. అందుకని ఇంకొందరితో కలిసి పటాన్‌చెరులోనే ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఆదివారం వచ్చేవాడు, సోమవారం తెల్లవారకముందే పోయేవాడు.

మాకప్పుడు ఒక్కతే కూతురు, అప్పుడప్పుడే మాటలు వచ్చిన పిల్ల. కోడిపెట్టతో మాట్లాడేది, లేగదూడతో మాట్లాడేది, దారిన పోయే గాజులాయన్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టేది. వాళ్ళ నాయన వస్తే మాత్రం నోరు కుట్టేసినట్టు ఉండేది. మా అత్త కొంగు వెనక నక్కి ఒంటి కన్నుతో చూసేది. ఆయన బిస్కెట్ పుడ చాపితే లాక్కుని ఉరికేది. ఎత్తుకోబోతే ఊరు లేచిపోయేలా ఏడ్చేది. "పరాయోని లెక్క సూస్తదేందే నీ బిడ్డ" అని ఆయన నవ్వేవాడు. నవ్వి, ఎద్దులను చూసొస్తానని కొట్టంలోకి పోయి ఎంతకీ వచ్చేవాడు కాదు. ఎద్దులను అంతసేపు చూడటానికి వాటికేం పెళ్ళిచూపులా? నాకు తెలియదా? ఆ వాగును, ఆ బాటను, షిఫ్టులనేవి కనిపెట్టిన మహానుభావుణ్ణి, అందరినీ కలిపి లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఆ కరువులోనే సర్కారు మా ఊరికి కరువు పని మంజూరు చేసింది. పెద్ద రోడ్డు నుంచి మా ఊరి దాకా మొరం రోడ్డు వేయాలి. పని చేసినవాళ్ళకు బియ్యం, చేతికి కొంత పైకం. ఆ ఆదివారం మా ఆయన అన్నం తింటూ మాటవరసకు అన్నాడు.

"రోడ్డు పడితే బస్సు ఊళ్ళెకే తెస్తనంటుండు మా డ్రైవరు. ఈ దిక్కు ఊర్లళ్ళ మందే ఉన్నం గద. గప్పుడు రూము ఖాళీ చేసి ఇంటికాన్నుంచే పనికి పోవచ్చు."

మా అత్త చేతిలోని గంటె గిన్నెలోనే ఆగిపోయింది. కొడుకు వంక చూసింది, తలుపు చాటున నక్కిన మనవరాలి వంక చూసింది.

"అయితే రోడ్డు పడ్తది" అన్నది, తానే కలెక్టరైనట్టు.

మర్నాడు పొద్దున తట్ట చంకన పెట్టుకుని బయల్దేరింది. కరువు పనికి పోయేది కూలీనాలీ చేసుకునే ఇళ్ళవాళ్ళు. పొలాలున్న ఇళ్ళ ఆడవాళ్ళు సొంత చేనులో నడుము విరిగేలా పని చేస్తారు గానీ, సర్కారు మన్ను మోయరు. ఇంట్లో గింజ లేకపోయినా సరే, అదొక నామోషీ. పక్కింటామె గోడ మీద నుంచి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏందక్కా, పటేండ్ల ఇండ్లళ్ళకెళ్ళి గూడ తట్టలు మోస్తరా? నలుగురు సూస్తె ఏమనుకుంటరు?"

"నా నెత్తి, నా తట్ట. నీ నెత్తి మీద ఏమన్న పెట్టిన్నా?" అని మా అత్త ఇటు తిరిగి నన్ను చూసింది. "ఓ పిల్లా, నువ్వేంది బొమ్మ లెక్క నిలబడ్డవ్? పార తీస్కో. మొగుడు ఇంటికొస్తె నీకా నాకా?"

వీధిలో నవ్వులు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పార మాత్రం తీసుకున్నాను.

పనిలో మేమిద్దరం ఉత్త మొద్దులం. మా పొలానికి ఏళ్ళ తరబడి కూలికి వచ్చిన ఒక ముసలామె ఉండేది. మేం తల మీద గుడ్డ చుట్టుకున్న తీరు చూసి ఆమె పడీపడీ నవ్వి, విప్పి మళ్ళీ చుట్టింది. దారి పక్కన గుంతలు తవ్వి, ఆ మొరం తెచ్చి బాట మీద పోసి, దిమ్మిసలతో గట్టిగా కొట్టాలి. గుంత తవ్వేటప్పుడు నడిమధ్యలో ఒక దిమ్మెను తవ్వకుండా వదలాలి. సాయంత్రం పని చూసే సారు టేపు పట్టుకొచ్చి ఆ దిమ్మె ఎత్తు కొలుస్తాడు. అంత ఎత్తుందంటే అంత లోతు తవ్వారని లెక్క.

మా అత్తకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చేనులో గడ్డ కనబడితే పగలగొట్టే చెయ్యి కదా! అందరూ సద్దిమూటలు విప్పుకున్న వేళ, గుంత మధ్యలో ఆ దిమ్మెను చూసింది. "ఎవలో బద్దకపోళ్ళు నడుమిట్ల ఇడిసిపెట్టిన్రు" అని గొణుక్కుంటూ గడ్డపార దించింది. మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ గుంత అడుగు మా ఇంటి వాకిలి కంటే నున్నగా ఉంది. సాయంత్రం సారు వచ్చి టేపు పట్టుకుని గుంతలో అటూ ఇటూ తిరిగాడు.

"దిమ్మె ఏదమ్మా? ఈ గుంత ఇంతకుముందే ఇక్కడ ఉందని పైవాళ్ళంటే నేనేం చెయ్యాలి?"

ముసలామె నెత్తి బాదుకుంది. "ఓ పటేలమ్మా, గిది నీ మడి అనుకున్నవా సదును చెయ్యనీకి? పొద్దటి సంది మేం పడ్డ కష్టమంత మన్నుల కలిపినవ్ గదనే!"

గదనే! మా అత్తను ఆమె ఏకవచనంలో అలా గదమాయించడం అంతకుముందు ఎవరూ వినలేదు. అందరూ పనులాపి చూశారు. మా అత్త పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "నాకేం తెల్సే! గడ్డ కనవడితె నా చెయ్యి ఊకుంటదా?" అని ముసలామె భుజం మీద చెయ్యి వేసి మరీ నవ్వింది. సారు కూడా నవ్వాపుకోలేక, గుంత అంచులు కొలిచి పని ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒక జత. ఒకరు తట్ట నింపితే ఒకరు మోసేవాళ్ళు, ఇద్దరూ కలిసి నన్ను ఆడిపోసుకునేవాళ్ళు.

రోడ్డు పెద్ద రోడ్డు దగ్గర మొదలై మా ఊరి వైపు నడిచి వచ్చింది. మా అత్తకు ఆదివారం వచ్చిందంటే పండగ. కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ఎంత దూరం పడిందో చూపించేది. వాగు దగ్గరికి వచ్చేసరికి ఎండాకాలం ముదిరింది. అప్పుడే ఒక సాయంత్రం పడమర దిక్కున మబ్బు పట్టింది. పారలు పక్కన పెట్టి అందరూ పైకి చూశారు. దండాలు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

"వానలు పడితే మనకింక సెలవు. కరువు పని కరువున్నంత వరకే" అన్నాడు సారు.

అందులో కొత్తేమీ లేదు, మొదటి రోజే చెప్పిన మాట. మా అత్త మనసులో ఆ మాట ఎప్పటి నుంచి తిరుగుతున్నదో నాకు తెలియదు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని మబ్బు వంక చూసి, పళ్ళ బిగువున అన్నది.

"ఇన్నొద్దులు యాడ సచ్చినవే? గిప్పుడే ఎగేసుకొని రావాల్నా? జెరంత ఆగితె నీ సొమ్మేం పోయె?"

నేను గబగబా చుట్టూ చూశాను. ముసలామె తప్ప ఎవరూ వినలేదు. ఆ మబ్బు కూడా గాలికి చెదిరిపోయింది. ఊరు ఉసూరుమంది. మా అత్త తట్ట ఎత్తుకుంది.

ఆ తర్వాత చుక్క రాలలేదు. చివరికి ఊరివాళ్ళు కప్పతల్లిని ఎత్తారు. రోకలికి వేపమండలు కట్టి, ఆ మండల మధ్య గుడ్డలో ఒక కప్పను కట్టి, రోకలి చెరో కొసను ఇద్దరు ఆడపిల్లలు భుజాన పెట్టుకుని, డప్పుతో ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ కప్ప మీద చెంబెడు నీళ్ళు పోసి, చాటలో గింజలు పెట్టి, వాన కురవాలని మొక్కుకోవాలి. తాగడానికి నీళ్ళు లేని ఇల్లు కూడా కప్పకు నీళ్ళు దాచిపెడుతుంది. అది మా దగ్గర పద్ధతి. నీళ్ళు పోయనంటే ఊరికి ద్రోహం చేసినట్టే.

మా గుమ్మం ముందుకు డప్పు వచ్చింది. మా అత్త చెంబుతో వచ్చింది. ఆమె ముఖం చూస్తే నాకు ఎందుకో భయం వేసింది. చెంబు ఎత్తలేదు. వంగి, వేపమండలు పక్కకు తొలగించి, కప్పకు దగ్గరగా ముఖం పెట్టి, చెవిలో చెప్పినట్టు మాట్లాడింది.

"కప్పతల్లీ, నీకు దండం. వాన రావాలె, రాకుంటె మేం సస్తం. గాని జెర ఆగి రానియ్యమ్మా. మా రోడ్డు ఊరు ముంగటికి రానీ, నా కొడుకు ఇల్లు చేరే తొవ్వ పడనీ. గటెన్క నీ ఇష్టం, వాగులు పొర్లనీ."

రోకలి మోస్తున్న పిల్ల అదంతా వినేసింది. "గీమె వానను ఆగుమంటున్నది!" అని కేక పెట్టింది.

డప్పు ఆగిపోయింది. ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. "గందుకేనా మబ్బొచ్చి మళ్ళిపోతుంది?" అన్నారొకరు. "నోట్ల మన్ను వడ" అన్నారింకొకరు. నేను పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా వీధి చివరన ఒక పెద్దాయన ఉండేవాడు, మా మామకు వరసకు అన్న. ఊళ్ళో పంచాయితీలు తీర్చే మనిషి. ఆయన గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"ఏందమ్మా, మతి గిట్ల తప్పిందా? గొడ్లు సస్తున్నయి. ఊరంత వాన వాన అని మొత్తుకుంటుంటె నువ్వు ఆగుమంటవా? రైతు బిడ్డవేనా నువ్వు?"

మా అత్త చెంబు అరుగు మీద పెట్టింది. మామూలుగా అయితే ఆయనకు ఏడు తరాలు గుర్తొచ్చేలా జవాబు చెప్పేది. ఆ రోజు గొంతు పెంచలేదు.

"బావా, నీకు తెల్వని కథనా? నా కొడుకు కడుపుల ఉండంగ నీ తమ్ముడు గిట్లనే ఒక కరువుకు బొంబాయి పోయిండు. తిరిగొచ్చేటాళ్ళకు పిలగాడు పలక వట్టుకొని బడికి పోతుండు. గీయన మీ నాయినరా అంటె నమ్మలె. బువ్వకాడ ఆయన పక్కన కూసోలె. ఆయన సచ్చేదాక వాడు ఒక్కనాడు నోరార నాయినా అనలె బావా. ఆయన గది మనసుల వెట్టుకొనే పోయిండు. గిప్పుడు గీ పిల్ల వాణ్ణి సూసి ఉరుకుతుంది. మల్ల గదే సూడాల్నా నేను? వాన ఇయ్యేడు కాకుంటె మీదికేడు ఒస్తది. పోయిన నాయిన ఏ వానకారుకు ఒస్తడు?"

మా మామను నేను చూడలేదు, నా పెళ్ళికి ముందే పోయాడు. ఆ మాట అప్పటిదాకా మా అత్త నాకు కూడా చెప్పలేదు. మా ఆయన తండ్రి ఊసు ఎత్తితే ఎందుకు లేచి పోయేవాడో అప్పుడు అర్థమై, నా కళ్ళు నిండిపోయాయి. నాకే కాదు, నోట్లో మన్ను పడాలన్న మనిషి కూడా కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముసలామె వచ్చి అరుగు మీద చెంబు తీసింది. "వానా రావాలె, రోడ్డూ రావాలె. రెండు మొక్కులు మొక్కితె కప్పేమన్న కొడ్తదా?" అని నీళ్ళన్నీ కప్ప నెత్తిన కుమ్మరించింది. కప్ప ఒక్కసారి తన్నుకుంది. పిల్లలు నవ్వారు. పెద్దాయన మా అత్త వైపు తిరిగాడు.

"మరి గా ముచ్చట కప్పకు చెప్తె ఏం ఫాయిదా, మాకు చెప్పాలె గాని! రేపటి సంది మా ఇంట్లళ్ళు గూడ ఒస్తరు. వానకంటె ముంగట మనమే ఉరుకుదాం."

నిజంగానే వచ్చారు. నామోషీ అన్న ఇళ్ళన్నీ తట్టలు పట్టుకుని వచ్చాయి, పక్కింటామెతో సహా. సారుకు అంతమందిని ఏం చేయాలో తోచలేదు. వాగు అడుగున బండలు పరిచి రోడ్డును దాటించాం. ఊరి ఇళ్ళు కనిపించేంత దూరానికి వచ్చింది. ఇంకొన్ని రోజులు చాలు అనుకున్నాం. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి ఎరుక? మధ్యాహ్నం అన్నాల వేళ గాలి తిరిగింది, మొరం మీద పెద్ద పెద్ద చుక్కలు పడ్డాయి, ఇంటికి ఉరికేలోపే కుండపోత.

నేను మా అత్త వంక చూడటానికి జంకాను. ఆమె ఇంటి ముందు ఆగి, తట్ట బోర్లించి, మొహం పైకెత్తి వానలో అలాగే నిలబడింది. మన్ను వాసన గట్టిగా పీల్చింది. వెక్కివెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే నా మీద అరిచింది. "ఏం సూస్తున్నవే? ఇత్తనాలు తియ్యి! నాగలి కాడికి పోయి మోకులు సూడు! రోడ్డు గీడ్డు తర్వాత!" ఆ రోజు ఆమె అంత బాధలో అంత సంబరపడింది. రెండూ ఒక మనిషిలో పడతాయని నాకు తెలిసింది అప్పుడే.

పని ఆగిపోయింది. సారు టేపు చుట్టుకుని జీపెక్కాడు. "మిగతాది ఎప్పుడు సారూ?" అని మా అత్త అడిగితే, "మళ్ళీ కరువొస్తే చూద్దామమ్మా" అన్నాడు, నవ్వులాటకే. ఆమె చూసిన చూపుకు జీపు డ్రైవరు జల్దీగా బండి తిప్పాడు.

విత్తనాలు పడ్డాయి. మొలకలొచ్చాయి. కలుపు తీతకు ఇంకా టైముంది. రైతుకు చేతులు ఖాళీగా ఉండే రోజులు ఆ నాలుగే. అందరూ నడుం వాల్చారు. ఆ పొద్దున మా అత్త తట్ట తీసింది. నన్ను రమ్మనలేదు. నాకే సిగ్గనిపించి, పిల్లను చంకనేసుకుని, పార పట్టుకుని వెనకే పోయాను. రోడ్డు ఆగిపోయిన చోట, బురదలో, ఇద్దరమే. ఒక్కో తట్టా పోస్తుంటే అది ఎక్కడికి పోతున్నదో తెలిసేది కాదు. పొద్దెక్కాక ముసలామె వచ్చింది.

"బియ్యం లేవే ఇయ్యాల. ఒట్టి మన్నే" అన్నది మా అత్త.

"నాకు తెల్వదా? నా కొడుకు గూడ పటాన్‌చెరుల బస్తాలు మోస్తుండు. బస్సులకెళ్ళి నీ కొడుకొక్కడే దిగుతడా ఏంది?"

మర్నాటికి పెద్దాయన ఎడ్లబండి కట్టి మొరం తోలాడు. ఆ పై రోజు ఇంకెందరో వచ్చారు. కొలిచే సారు లేడు, పంచే బియ్యం లేవు, పాటలు మాత్రం ఉన్నాయి. కలుపు మొదలయ్యేలోపు రోడ్డు మా ఊరి మొదటి ఇల్లు దాకా వచ్చింది. మా అత్త ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడి భవానీకి బస్సు రావాలని కొబ్బరికాయ మొక్కుకుంది.

బస్సు వచ్చిన రోజు ఊరు ఊరంతా పోయి నిలబడింది. ఒక చోట చక్రం కూరుకుపోతే అందరూ కలిసి తోశారు. మా ఆయన ట్రంకు పెట్టె, పరుపు చుట్ట పట్టుకుని దిగాడు. పిల్ల ఎప్పటిలాగే మా అత్త వెనక నక్కింది. బిస్కెట్ పుడ లాక్కుని ఉరికింది. ఏడవకుండా ఉంటే చాలనుకున్నాం.

మర్నాడు ఆయన పనికి పోయి ఇంటికి వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పిల్ల దూరం నుంచి చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం అందరం అన్నానికి కూర్చున్నాం. పిల్ల తన ముద్ద పక్కన పెట్టి, ఆయన్ని తేరిపార చూసి, మా అత్తను అడిగింది.

"నాయినమ్మా, గీయన ఎప్పుడు పోతడు?"

ఎవరి చేతిలోని ముద్ద వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన నెమ్మదిగా అన్నాడు.

"పోను బిడ్డా. పొద్దుగాల పనికి పోత, మాపటికి ఇంటికొస్త. గీడనే ఉంట."

పిల్ల ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత కోపంగా వేలు చూపించింది.

"అయితే నా పీట మీద కూసోకు. అది నాది."

ఆయన గబుక్కున లేచి, పీట పిల్ల వైపు జరిపి, కంచం పట్టుకుని కింద నేల మీద కూర్చున్నాడు. ఆ మనిషి ముఖంలో అంత సంతోషం నేను మా పెళ్ళినాడు కూడా చూడలేదు.